హెచ్‌ఐవీ మందులు వాడుతూ ఇన్‌ఫ్లమేషన్‌ను అదుపులో పెట్టుకోవడం ఎలా?

“వైరల్ లోడ్ టీఎన్‌డీ వచ్చింది, మరి సీడీ4 ఎందుకు 300 దాటట్లేదు?” “మందులు మొదలుపెట్టాక మెడ దగ్గర గడ్డ లేచింది, మందు పడలేదంటారా?” “ఇమ్యూనిటీ పెరగాలంటే ఏ పౌడర్ మంచిది?” అడిగేవాళ్లు మారుతుంటారు గానీ ప్రశ్నలు ఇవే. వైరల్ లోడ్ అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క, టీఎన్‌డీ అంటే అది పరీక్షకు అందలేదని, సీడీ4 అంటే హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క. ఈ ప్రశ్నలన్నీ ఇన్‌ఫ్లమేషన్ అనే ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి కాబట్టి ఒకేచోట రాసి పెడుతున్నాను. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే మందుల వైద్యం) సెంటర్‌లో మందులు తీసుకుంటున్నవాళ్లకూ, కొత్తగా మొదలుపెట్టబోతున్నవాళ్లకూ, వాళ్లని చూసుకునే ఇంట్లోవాళ్లకూ ఇది పనికొస్తుంది.

సైన్సు ఒక్క పేరాలో ముగించేస్తాను. హెచ్‌ఐవీ సోకిన మొదటి వారాల్లోనే పేగు గోడల్లో ఉండే సీడీ4 కణాలు పెద్దఎత్తున చనిపోతాయి. గోడ బలహీనపడి, పేగులో ఉండే సూక్ష్మజీవుల ముక్కలు కొద్దికొద్దిగా రక్తంలోకి జారుతుంటాయి. వాటికి తోడు వైరస్. రోగనిరోధక వ్యవస్థకు ఇక విశ్రాంతి ఉండదు, ఏళ్ల తరబడి రెచ్చిపోయే ఉంటుంది. ఇక్కడ ఇన్‌ఫ్లమేషన్ అంటున్నది దీన్నే. పైకి వాపూ నొప్పీ ఏమీ కనపడకపోవచ్చు. గుండె రక్తనాళాలు, కిడ్నీలు, ఎముకల మీద మాత్రం దీని దెబ్బ మెల్లగా పడుతుంది. మందులు వైరస్‌ను అణిచేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. నివురుగప్పిన నిప్పులా కొంత మిగిలే ఉంటుంది. మన చేతిలో ఉన్న పనులు రెండు: మందులతో తగ్గాల్సినదంతా తగ్గేలా చూసుకోవడం, మిగిలినదాన్ని మనమే ఎగదోయకుండా ఉండటం.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

- ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చిన పుస్తకం, ఇప్పటిదాకా వచ్చిన సీడీ4, వైరల్ లోడ్ రిపోర్టులన్నీ. పాతవి పారేయకండి, పక్కపక్కన పెట్టి చూడాల్సి వస్తుంది.
- ఒక చిన్న నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా సరే, అయితే ఆ ఫోన్ ఇంట్లో ఇంకెవరు చూస్తారో ఆలోచించుకోండి.
- మీరు వాడుతున్న మిగతా మాత్రలన్నిటి పేర్లు. షుగర్, బీపీ, గ్యాస్, కాల్షియం, ఆయుర్వేదం, ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు, అన్నీ. పేరు తెలియకపోతే ఖాళీ స్ట్రిప్ దాచండి.
- బరువు చూసే మిషను, కొలత టేపు, జ్వరం చూసే థర్మామీటర్.

ఖరీదైన పరీక్షలేవీ ఈ జాబితాలో లేవు. ఎందుకో కింద చెప్తాను.

1. మాత్ర ఒక్కరోజు కూడా ఆగకుండా చూసుకోండి

ఇప్పుడు మన ప్రభుత్వ సెంటర్లలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300 మి.గ్రా., లామివుడిన్ 300 మి.గ్రా., డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. మూడూ కలిపిన ఒకే మాత్ర, రోజుకు ఒకటి. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు ఏదని అడిగితే మొదటి జవాబు ఇదే. దీనికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు.

“సీడీ4 బాగానే ఉంది కదా, కొన్నాళ్లు ఆపి చూద్దాం” అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే ఆలోచించారు. స్మార్ట్ అనే పెద్ద పరిశోధనలో 33 దేశాలకు చెందిన 5,472 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు మందులు ఆపకుండా వాడింది. రెండో గుంపులో సీడీ4 350 దాటితే ఆపడం, 250 కంటే తగ్గితే మళ్లీ మొదలుపెట్టడం. ఫలితాలు 2006లో వచ్చాయి. ఆపి ఆపి వాడినవాళ్లలో మరణాలు ఎక్కువ. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులూ ఎక్కువే. మందు ఆపిన నెలకే రక్తంలో ఐఎల్-6, డీ-డైమర్ అనే ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు పెరిగాయి. ఆపినందువల్ల ఒంట్లో ఏం జరుగుతోందో ఆ నెలలో మనిషికి తెలియదు, అదే అసలు చిక్కు.

మాత్ర ఎక్కడ ఆగుతుందో చూద్దాం, ఎందుకంటే మరిచిపోవడం అన్నిసార్లూ కారణం కాదు. డబ్బా చప్పుడు ఒక కారణం. బ్యాగులో పెట్టుకుంటే లోపల 30 మాత్రలు గలగలమంటాయి. బస్సులో పక్కనున్న వదినగారు “అదేంటమ్మా” అంటారని భయపడి కాగితంలో చుట్టి పెట్టుకుంటారు. వానాకాలంలో ఆ కాగితం తేమ పీల్చి మాత్ర మెత్తబడుతుంది. దీనికి తేలిక మార్గం ఉంది. డబ్బాలో మాత్రల పైన శుభ్రమైన పొడి దూది కూరండి, చప్పుడు రాదు. తేమ పీల్చే చిన్న పొట్లం లోపల ఉంటుంది, దాన్ని పారేయకండి. పెళ్లికో జాతరకో వెళ్తుంటే రెండు మూడు రోజులకు సరిపడా మాత్రలు గట్టి మూత ఉన్న చిన్న పొడి డబ్బీలో వేసుకోండి, రెండు ఎక్కువే పెట్టుకోండి. బస్సు తప్పిపోవచ్చు, అత్తగారు ఇంకో రోజు ఉండమనొచ్చు.

మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మాత్రకు నాలుగు గంటల కంటే తక్కువ సమయం ఉంటే మాత్రం పోయినదాన్ని వదిలేసి మామూలు టైముకు వేసుకోండి. రెండు కలిపి మింగొద్దు.

రాత్రి వేసుకుంటే నిద్ర పట్టకపోవడం, పిచ్చి కలలు రావడం డోలుటెగ్రావిర్‌తో కొందరికి ఉంటుంది. అలాంటప్పుడు మానేయకండి, పొద్దున టిఫిన్ టైముకు మార్చుకోవచ్చా అని సెంటర్‌లో అడగండి. చాలామందికి దాంతోనే సర్దుకుంటుంది.

పనికోసం హైదరాబాద్‌కో బెంగళూరుకో ముంబయికో వెళ్లేవాళ్లు బయల్దేరే ముందే సెంటర్‌లో చెప్పి, అక్కడి సెంటర్‌కు బదిలీ రాయించుకోండి. కొద్ది నెలలే అయితే ఎక్కువ రోజుల మందు ఇవ్వగలరేమో అడగండి. ఊరు మారాక కొత్త సెంటర్ వెతుక్కుందాం అనుకుంటే నెల గిర్రున తిరిగిపోతుంది. ఎవరిని అడగాలో తెలియనప్పుడు 1097కు ఫోన్ చేయండి, అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) హెల్ప్‌లైన్, ఉచితం.

2. మాత్రను పనిచేయనివ్వని వస్తువులను వేరు చేయండి

డోలుటెగ్రావిర్‌కు కొన్ని లోహాలతో పడదు. అవి కడుపులో దాన్ని పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. మాత్ర మింగారు, లెక్కలో ఉంది, ఒంటికి మాత్రం అందలేదు.

- అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందులు, అంటే జెలూసిల్, డైజీన్ లాంటివి: టీఎల్‌డీని వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. గ్యాస్ తరచూ ఇబ్బంది పెడుతుంటే డాక్టరును అడిగి పాంటోప్రజోల్ లాంటిదానికి మారండి, దానితో ఈ పేచీ లేదు.
- ఐరన్, కాల్షియం మాత్రలు: అదే దూరం పాటించాలి. లేదా రెండూ భోజనంతో కలిపి వేసుకోవచ్చు. పరగడుపున కలిపి వేసుకుంటేనే చిక్కు. గర్భిణులు ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి, వాళ్లకు ఐరన్, కాల్షియం రెండూ రాస్తారు. జింక్ ఉన్న మల్టీవిటమిన్‌కూ ఇదే వర్తిస్తుంది.
- టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్: ఇది డోలుటెగ్రావిర్‌ను ఒంట్లోంచి తొందరగా వెళ్లగొడుతుంది. అందుకే టీబీ మందులు వాడినన్నాళ్లూ డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. మాత్ర ఇంకొకటి 12 గంటల తేడాతో ఇస్తారు. రిఫాంపిసిన్ ఆగాక మరో రెండు వారాలు అది కొనసాగాలి. టీబీ మందులు ఒకచోట, ఏఆర్‌టీ ఇంకోచోట తీసుకుంటూ ఈ రెండో మాత్ర సంగతి ఎవరూ చూడని సందర్భాలు ఉంటాయి. మీరే అడగండి.
- ఫిట్స్ మందులు కార్బమజెపిన్, ఫెనిటాయిన్: డాక్టరుకు చెప్పకుండా కలపకూడదు.
- షుగర్‌కు మెట్‌ఫార్మిన్: రోజుకు 1000 మి.గ్రా. మించకుండా చూస్తారు. డోలుటెగ్రావిర్ దాని మోతాదును రక్తంలో పెంచుతుంది.

టీఎల్‌డీ కాకుండా అటజనావిర్, రిటోనావిర్ ఉన్న రెండో వరస మందులు వాడుతుంటే ఇంకో జాగ్రత్త. ఆస్తమా పంపుల్లో ఉండే కొన్ని స్టెరాయిడ్లు, మోకాలికి వేసే ట్రయామ్సినలోన్ ఇంజెక్షన్, కొలెస్టరాల్‌కిచ్చే సిమ్వాస్టాటిన్ వీటితో కలిస్తే ప్రమాదం. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఏఆర్‌టీ పుస్తకం చూపించండి. చూపించడానికి మనసొప్పకపోతే కనీసం మాత్రల పేర్లు కాగితం మీద రాసి ఇవ్వండి.

3. మొదటి మూడు నెలలు ఒంటిని గమనించండి

మందులు మొదలుపెట్టినప్పుడు సీడీ4 బాగా తక్కువగా, ముఖ్యంగా 100 లోపు, ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి.

రోగనిరోధక శక్తి పడిపోయి ఉన్నప్పుడు ఒంట్లో టీబీ లాంటి క్రిములు ఉన్నా శరీరం వాటిని పట్టించుకోదు. జ్వరం రావాలన్నా, గడ్డ వాయాలన్నా దానికి ఓపిక ఉండాలి కదా. మందులు వేసుకున్న కొన్ని వారాలకు వైరస్ తగ్గి ఆ ఓపిక తిరిగొస్తుంది. అప్పటిదాకా దాక్కున్న క్రిమి మీద ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మెడ గడ్డలు వాస్తాయి, ఒక్కోసారి చీము పడతాయి. జ్వరం తిరగబెడుతుంది, దగ్గు ఎక్కువవుతుంది. దీన్ని ఐరిస్ అంటారు. మందు పడకపోవడం కాదిది, పనిచేయడం మొదలైందనడానికే గుర్తు. అయినా వదిలేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

ఏం చేయాలి:

మందులు మొదలుపెట్టే ముందు డాక్టరుకు అన్నీ చెప్పండి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు చెమటలు, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా దాచకుండా చెప్పి టీబీ పరీక్ష చేయించుకోండి. టీబీ ఉంటే సాధారణంగా ముందు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు వారాల్లోపు ఏఆర్‌టీ ఇస్తారు. మెదడు పొరలకు టీబీ అయితే నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగుతారు. “ఇంకా ఏఆర్‌టీ ఎందుకివ్వట్లేదు” అని అక్కడ గొడవపడకండి, ఆ ఆలస్యం మీ మంచికే. సీడీ4 200 లోపు ఉంటే క్రిప్టోకోకల్ యాంటిజెన్ రక్తపరీక్ష గురించి కూడా అడగండి. అది మెదడుకు పాకే ఒక ఫంగస్‌ను ముందే పట్టుకుంటుంది.

మొదలుపెట్టాక రోజూ సాయంత్రం జ్వరం చూసి రాసుకోండి, వారానికోసారి బరువు. మెడ, చంకలు తడిమి చూసుకోండి.

ఇవి కనిపిస్తే తేదీ కోసం ఆగకండి, అదే రోజు సెంటర్‌కో పెద్దాసుపత్రికో వెళ్లండి: తగ్గని తలనొప్పి, దానితో వాంతులు, చూపు మసకబారడం, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మాటలో తడబాటు, మత్తు. ఒంటి మీద ఒక పక్కనే నీటిబుగ్గలతో సర్పి లేస్తే కూడా చూపించుకోవాలి, దానికి మందు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది.

ఈ దశలో జరిగే పెద్ద తప్పులు రెండు. భయపడి ఏఆర్‌టీ ఆపేయడం ఒకటి. ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, చాలా సందర్భాల్లో కొనసాగించమనే అంటారు. ఇంకొకటి, ఊళ్లో డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవడం. ఐరిస్‌కు స్టెరాయిడ్ వైద్యం ఉన్నమాట నిజమే. కానీ అడుగున ఏ క్రిమి ఉందో తేలాకే ఇవ్వాలి. తేలకుండా వేస్తే జ్వరం ఆ పూటకు తగ్గినట్టుంటుంది, లోపల జబ్బు మాత్రం ముదురుతుంది.

4. రిపోర్టులు సరైన వరసలో చదవండి

ముందు వైరల్ లోడ్, తర్వాతే సీడీ4. మనవాళ్లు తిరగేసి చదువుతారు.

వైరల్ లోడ్ పరీక్ష మామూలుగా ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి చేస్తారు. టీఎన్‌డీ అని ఉంటే పరీక్షకు వైరస్ అందలేదని. అది మీరు కోరుకోవాల్సిన ఫలితం, ఆ స్థితిలో కొనసాగినన్నాళ్లూ లైంగికంగా భాగస్వామికి సోకదు కూడా. 1000 కాపీలు దాటితే కౌన్సెలర్ కూర్చోబెట్టి మాత్రలు ఎలా వేసుకుంటున్నారో లెక్క తీస్తారు, మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తారు. ఒక్కసారి వందలోపో కొంచెం పైనో కనపడి మళ్లీ మాయమైతే కంగారు వద్దు. వరసగా రెండుసార్లు కనపడితే పైన 2వ భాగంలో చెప్పిన గ్యాస్, కాల్షియం మాత్రల దగ్గర్నుంచి వెతకండి.

ఇక సీడీ4. ఒక ఊహా రిపోర్టు చూద్దాం:

మొదట్లో: సీడీ4 96
6 నెలలు: సీడీ4 188, వైరల్ లోడ్ టీఎన్‌డీ
12 నెలలు: సీడీ4 254, టీఎన్‌డీ
18 నెలలు: సీడీ4 221
24 నెలలు: సీడీ4 263, టీఎన్‌డీ

18వ నెల కాగితం చేతికి రాగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. 254 నుంచి 221కి పడిపోయిందని. పడిపోలేదు. పొద్దున రక్తం తీశారా సాయంత్రం తీశారా, ఆ వారం జలుబు చేసిందా, ల్యాబ్ మారిందా అన్నదాన్ని బట్టి ఒకే మనిషి సీడీ4 పాతిక శాతం దాకా అటూ ఇటూ ఊగుతుంది. 250 అంటే 190 నుంచి 310 మధ్యలో ఎక్కడైనా అనుకోండి. రెండు అంకెలు కాదు, నాలుగైదు అంకెలు వరసగా పెట్టి ఎటు నడుస్తున్నాయో చూడాలి. పై వరస నెమ్మదిగా పైకే నడుస్తోంది.

ఇంకో కాగితం: సీడీ4 450, వైరల్ లోడ్ 8,000. దీన్ని చూసి స్వీట్లు పంచేవాళ్లున్నారు. నన్నడిగితే మొదటి రిపోర్టు వందసార్లు నయం. రెండోదాంట్లో వైరస్ తిరుగుతోంది, ఇన్‌ఫ్లమేషన్ మండుతోంది, సీడీ4 తర్వాత పడిపోతుంది.

మొదటి కొన్ని నెలల్లో సీడీ4 గబగబా పెరిగి, తర్వాత ఏడాదికి 50 నుంచి 100 చొప్పున పెరగడం మామూలు. మొదట్లోనే బాగా తక్కువ ఉన్నవాళ్లకు, వయసు మీరాక మొదలుపెట్టినవాళ్లకు 200, 300 దగ్గర ఆగిపోవడమూ ఉంది. అప్పుడు డాక్టరు టీబీ ఉందేమో, వేరే మందు ఏదైనా కణాలను తగ్గిస్తోందేమో చూస్తారు. అవేవీ కాకపోతే చేయాల్సింది టీఎన్‌డీ నిలబెట్టుకోవడమే. 200 లోపే ఉంటే, ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ మాత్రను డాక్టరు ఆపమనేదాకా వదలకండి.

సీడీ4 అంకెను బలవంతంగా పెంచే ప్రయత్నం కూడా ప్రపంచంలో జరిగింది. ఐఎల్-2 అనే ఇంజెక్షన్‌తో వేల మందిలో పెంచారు కూడా. 2009లో ఫలితాలు చూస్తే అంకెలు పెరిగాయి, జబ్బులూ మరణాలూ మాత్రం తగ్గలేదు. ఇమ్యూనిటీ పౌడర్ అమ్మేవాడు ఈ సంగతి చెప్పడు.

5. మిగిలిన నిప్పుకు గాలి తగలనివ్వకండి

ఇక్కడ పని మీది. బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా మానేయండి. మందులు సరిగ్గా వాడుతున్న హెచ్‌ఐవీ మనిషికి పొగాకే ఎక్కువ ఆయుష్షు తినేస్తుంది. ఒంటరిగా మానలేకపోతే 1800-11-2356కు ఫోన్ చేయండి, ఉచితం. మద్యం కూడా తగ్గించుకోండి, లివర్‌కూ, మాత్ర టైముకూ రెండిటికీ అదే శత్రువు.

డోలుటెగ్రావిర్‌తో కొందరు బరువు పెరుగుతారు. మొదట్లో ఆ పెరుగుదల ఆరోగ్యం తిరిగొచ్చిన గుర్తు, సంతోషమే. తర్వాత పొట్ట చుట్టూ చేరేది వేరు. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి. మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటితే అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, గుడ్డు, కూర పెంచి, నడక మొదలుపెట్టండి. పరగడుపు షుగర్, బీపీ, కొలెస్టరాల్ ఏడాదికోసారైనా చూపించుకోండి.

నలభై దాటినవాళ్లు కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర గురించి డాక్టరును అడగాలి. రిప్రీవ్ అనే పరిశోధనలో 40 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 7,769 మంది హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు పాల్గొన్నారు. మన దేశం నుంచీ ఉన్నారు. రోజూ పిటావాస్టాటిన్ 4 మి.గ్రా. వేసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 35 శాతం తగ్గాయని 2023లో ప్రచురించారు. కొలెస్టరాల్ మరీ ఎక్కువ లేనివాళ్లలోనే ఈ ఫలితం. ఇది అందరికీ అని కాదు, మీ వయసు, బీపీ, షుగర్ చూసి డాక్టరు నిర్ణయిస్తారు. పిటావాస్టాటిన్ దొరక్కపోతే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఉన్నాయి. ఏది కలపాలన్నా మీ ఏఆర్‌టీ ఏంటో చూసుకునే కలపాలి.

చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే పంటి డాక్టరుకు చూపించుకోండి. చిగుళ్ల జబ్బు కూడా ఎప్పుడూ ఆరని ఇన్‌ఫ్లమేషనే. హెచ్‌ఐవీ అని తెలిసి వైద్యం నిరాకరించడం 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నేరుగా నిషేధం.

6. పక్కనున్న ఇన్‌ఫెక్షన్ల పని పట్టండి

టీబీ లేదని తేలితే టీబీ రాకుండా ఇచ్చే మందు తీసుకున్నారో లేదో పుస్తకంలో చూసుకోండి. ఐఎన్‌హెచ్ (ఐసోనియాజిడ్) ఆరు నెలలు ఇస్తారు, వారానికోసారి వేసుకునే మూడు నెలల కోర్సు కూడా ఉంది. ఐఎన్‌హెచ్‌తో చేతులు, కాళ్లు తిమ్మిరెక్కితే బి6 మాత్ర ఇస్తున్నారా అని చూడండి.

హెపటైటిస్-బి పరీక్ష తప్పక చేయించుకోండి. ఆ జబ్బు లేదని తేలితే టీకా వేయించుకోవాలి. ఉంటే టీఎల్‌డీలోని టెనోఫోవిర్, లామివుడిన్ దాన్ని కూడా అణుస్తుంటాయి. అందుకే హెపటైటిస్-బి ఉన్నవాళ్లు టీఎల్‌డీ హఠాత్తుగా ఆపితే లివర్ ఒక్కసారిగా దెబ్బతింటుంది. ఇది గట్టి హెచ్చరిక.

ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగండి. సీడీ4 200 లోపు ఉన్నప్పుడు బతికున్న క్రిమితో చేసే టీకాలు, ఉదాహరణకు ఆటలమ్మ టీకా, వేయించుకోకూడదు. ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోవాలి, సెంటర్‌లోనే ఎక్కడికెళ్లాలో చెప్తారు.

తరచూ జరిగే పొరపాట్లు

ఇన్‌ఫ్లమేషన్ ప్యాకేజీ అని సీఆర్‌పీ, డీ-డైమర్, ఐఎల్-6 పరీక్షలకు వేలు పోయడం. పరిశోధనల్లో ఇవి వందల మంది సగటు చూడటానికి పనికొస్తాయి. మీ ఒక్కరి సీఆర్‌పీ వైరల్ జ్వరం వచ్చినా, పంటి చీముకైనా, చికున్‌గున్యా నొప్పులకైనా పెరుగుతుంది. పెరిగిందని తెలిసినా ఏఆర్‌టీలో ఏ మార్పూ చేయరు. డాక్టరు ప్రత్యేక కారణంతో రాస్తే తప్ప ఆ డబ్బు గుడ్లకూ పాలకూ పెట్టండి.

ఇమ్యూనిటీ పెంచే కషాయాలు, పసరు మందులు. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన అలా నడుస్తోంది. నా మాట ఏమిటంటే, హెచ్‌ఐవీలో రోగనిరోధక వ్యవస్థ ఇప్పటికే రెచ్చిపోయి ఉంది, దాన్ని ఇంకా రెచ్చగొట్టే వస్తువు మనకెందుకు?

సెంటర్‌కు వెళ్లే ముందు మిగిలిన మాత్రలు పారేయడం. ఫార్మసిస్ట్ లెక్కపెడతారని, తిడతారని. మిగిలిన మాత్రలు డబ్బాతో సహా తీసుకెళ్లండి. నెలలో రెండు మిస్ అయితే 30లో 28, అంటే 93 శాతం. వాళ్లు చూసే గీత 95. ఎందుకు మిస్ అయ్యాయో తెలిస్తేనే టైము మార్చడమో, ఎక్కువ రోజుల మందివ్వడమో చేయగలరు. పారేస్తే వైరల్ లోడ్ ఎలాగూ చెప్పేస్తుంది, కానీ అది ఏడాదికోసారే.

కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షలో అంకె కొంచెం పెరిగిందని మందు ఆపేయడం. మొదటి నెలలో డోలుటెగ్రావిర్ వల్ల ఆ అంకె కాస్త పెరిగి అక్కడే నిలబడుతుంది, కిడ్నీ చెడినట్టు కాదు. పెరుగుతూనే పోతే మాత్రం టెనోఫోవిర్ సంగతి డాక్టరు చూడాలి. తేడా తేల్చడానికి రెండో పరీక్ష కావాలి.

సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి

ప్రతి ఆరు నెలలకు ఒకసారి నోట్‌బుక్ తీసి ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

- చివరి వైరల్ లోడ్ ఎప్పుడు? ఏడాది దాటిందా? దాటితే అడిగి చేయించుకోండి.
- ఈ ఆరు నెలల్లో ఎన్ని మాత్రలు పోయాయి?
- కొత్తగా ఏ మాత్ర చేరింది? ఆ పేరు ఏఆర్‌టీ డాక్టరుకు తెలుసా?
- బరువు మూడు కిలోలకు మించి పెరిగిందా, కారణం లేకుండా తగ్గిందా? తగ్గితే ముందు టీబీని అనుమానించాలి.
- బీపీ, షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?
- పొగాకు?

వైరల్ లోడ్ టీఎన్‌డీ, మాత్రలు పోకుండా వేసుకోవడం, బీపీ షుగర్ అదుపులో ఉండటం, ఈ మూడూ ఉంటే సీడీ4 260 దగ్గర ఆగినా మీ వైద్యం పనిచేస్తున్నట్టే. వీటిలో ఏది తప్పినా సీడీ4 ఎంతున్నా సరే, వచ్చే తేదీ దాకా ఆగకుండా సెంటర్‌కు వెళ్లి కౌన్సెలర్‌తో మాట్లాడండి. వెళ్లేటప్పుడు నోట్‌బుక్, ఖాళీ స్ట్రిప్పులు, మాత్రల డబ్బా మూడూ సంచిలో వేసుకోండి.